కోసేది వేరు, కట్ చేసేది వేరు

మొయినాబాద్, చేవెళ్ల మండలాల్లో పూలసాగు రెండు తీరులుగా సాగుతుంది. ఆరుబయట చేలల్లో బంతి, చేమంతి, గులాబీ వేస్తారు. పాలీహౌస్‌ల కింద జెర్బెరా, డచ్ గులాబీ పెంచుతారు. బంతిపూలను తెంపుతారు. చేమంతిని కొందరు తెంపుతామంటారు, కొందరు కోస్తామంటారు. వాటిని గంపల్లో, సంచుల్లో నింపి హైదరాబాద్‌లోని గుడిమల్కాపూర్ మార్కెట్‌కు తీసుకుపోతే అక్కడ తూకం మీద అమ్ముడవుతాయి. పాలీహౌస్‌లోకి అడుగుపెట్టగానే క్రియ మారుతుంది. డచ్ గులాబీని ‘కట్ చేస్తారు’. మొగ్గ పూర్తిగా విచ్చకముందే, పొడుగు కాడతో సహా, కట్టర్ పెట్టి తీస్తారు. దాన్ని తూకం వేయరు, కట్టల లెక్కన అమ్ముతారు. ఇలా కాడతో అమ్మే పూలన్నిటికీ వ్యాపారంలో ‘కట్ ఫ్లవర్స్’ అని పేరు.

జెర్బెరా కూడా కట్ ఫ్లవరే. అయితే దానికి కత్తెర తగలదు. కాడను మొదలు దగ్గర పట్టి, పక్కకు వంచి లాగితే అది మొక్క నుంచి ఊడి వస్తుంది. కోస్తే మిగిలిన ముక్క కుళ్లి మొక్కకు తెగులు పట్టే ప్రమాదం ఉంది కాబట్టి కోయవద్దని ఉద్యాన నిపుణులు చెబుతారు. పేరులో ఉన్న కట్ పనిలో లేదు.

కత్తి లేని చోట కూడా కట్ ఉండటం పూలకే పరిమితం కాదు. ఈ రెండు మండలాల్లో రోజు మొత్తంలో ‘కట్’ అనే మాట వినపడే సందర్భాలను పోగేస్తే, వాటిలో ఎక్కువ భాగం కత్తితో సంబంధం లేనివే. ఫోన్ కట్ అవుతుంది. కరెంటు కట్ అవుతుంది. బ్యాంకు ఖాతాలోంచి పైసలు కట్ అవుతాయి. హైవే డివైడర్ మధ్య ఖాళీ వదిలిన చోటు ‘కట్’. బండి నడిపేవాడు పక్కవాడి ముందుకు హఠాత్తుగా తిప్పితే ‘కట్ కొట్టిండు’. ఎంట్రెన్స్ ర్యాంకుకు ‘కటాఫ్’. కత్తి నిజంగా తగిలే చోట మాత్రం, అంటే వరి, కూరగాయ, కట్టె, మాంసం దగ్గర, తెలుగు క్రియలు ఇంకా తమ చోటు వదల్లేదు. కోసేది కోసేదే, నరికేది నరికేదే. ఈ పంపకం ఎలా జరిగింది, ఇలాగే నిలుస్తుందా అన్నది పట్టించుకోవలసిన విషయం. ఎందుకంటే ఇదే క్రియ ఒకప్పుడు ఇంగ్లీషులో ఏం చేసిందో భాషా చరిత్రలో స్పష్టంగా నమోదై ఉంది.

ఇంగ్లీషులో కట్ పాతకాపు కాదు. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో కోయడానికి వేరే క్రియలు ఉండేవి. వాటిలో ఒకటి నేటి ‘కార్వ్’కు పూర్వరూపం. ఇంకొకటి నేటి ‘షియర్’కు పూర్వరూపం. మూడోది ‘స్నీథన్’. పదమూడో శతాబ్దం చివరికి రాతల్లో ‘కట్’ కనిపించడం మొదలైంది. ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికీ తేలలేదు. స్కాండినేవియా భాషల నుంచి వచ్చి ఉంటుందని పండితుల ఊహ. వచ్చిన కొద్ది శతాబ్దాల్లోనే అది పాత క్రియల పనంతా తన మీద వేసుకుంది. ఒకప్పుడు ఏది కోసినా ‘కార్వ్’ అనేవారు. ఇప్పుడది శిల్పానికీ, చెక్క మీద పనికీ, భోజనాల బల్ల మీద మాంసం ముక్కలు చేయడానికీ మిగిలింది. ‘షియర్’ ముఖ్యంగా గొర్రె బొచ్చు కత్తిరించే పనికి పరిమితమైంది. ‘స్నీథన్’ వాడుకలోంచి దాదాపు పూర్తిగా పోయింది. జర్మన్ భాషలో మాత్రం దాని చుట్టం ‘ష్నైడెన్’ ఇప్పటికీ కోయడానికి వాడే మామూలు మాట.

చిన్న క్రియలకు ఈ ఆకలి సహజం. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ 1989 నాటి రెండో కూర్పులో అన్నిటికంటే పొడవైన పద వివరణ ‘సెట్’ అనే క్రియది. దానికి 430కి పైగా అర్థాలు ఇచ్చారు. తర్వాతి సవరణలో ‘రన్’ దాన్ని దాటింది. ఆ ఒక్క మాట మీద పీటర్ గిల్లివర్ అనే నిఘంటుకారుడు సుమారు తొమ్మిది నెలలు పనిచేసి 645 అర్థాలు తేల్చాడు. కట్ ఆ స్థాయిది కాకపోయినా ఆ వరుసలోదే.

ఇప్పుడు చేవెళ్ల చుట్టుపక్కల పల్లెల్లో కోయడానికి ఉన్న మాటలు చూడాలి. వరిని కోస్తారు, గడ్డి కోస్తారు, యాటను కోస్తారు. టమాటను చేనులోనూ కోస్తారు, వంటింట్లోనూ కోస్తారు. చేనులో కోస్తే కాయ చెట్టు నుంచి విడిపోతుంది, ఇంట్లో కోస్తే ముక్కలవుతుంది. మాట ఒకటే, ఏ పనో చెప్పేది చోటు. ఆకుకూరను సన్నగా తరుగుతారు. చెట్టును కొడతారు, పొయ్యిలోకి కట్టెలు కొడతారు. కొమ్మను నరుకుతారు, దుంగను మాత్రం రంపంతో కోస్తారు. బట్టను కత్తిరిస్తారు. దారాన్ని తెంపుతారు. తాటిచెట్టును, ఈతచెట్టును గీస్తారు. చేమంతి మొక్క కొనను తుంచుతారు.

వీటిలో ఏ ఒక్కదాన్నీ ఇంకొకదాని చోట పెట్టలేం. పనిముట్టు ఏదో, దెబ్బ ఎంత బలంగా పడాలో, కోసిన తర్వాత ఆ వస్తువు ఏం కావాలో కూడా క్రియే చెప్పేస్తుంది. గీత కార్మికుడు కత్తితో పలచగా చెక్కుతూ పోతాడు. కల్లు కారాలి, చెట్టు బతకాలి. ఆ పనికి గీయడం అనే పేరు. చెట్టును కొట్టినప్పుడు అది నేల మీద పడాలి. చేమంతిని తుంచేది ఎందుకంటే, నాటిన కొన్ని వారాలకు కొన గిల్లేస్తే పక్క కొమ్మలు వచ్చి పూలు ఎక్కువ పూస్తాయి. ఇంగ్లీషులో ఇవన్నీ కట్ అనే మాటతోనే చెప్పవచ్చు, వినేవాడికి మిగతా వివరం విడిగా ఇవ్వాలి. తెలుగులో వివరం క్రియలోనే ఉంది.

ఇంకో ముఖ్యమైన తేడా ‘తెగు’, ‘తెంపు’ జంటలో ఉంది. తాడు తెగింది అంటే దానంతట అదే తెగింది. తాడు తెంపిండు అంటే ఒక మనిషి ఉన్నాడు. ఇంగ్లీషు కట్‌కు ఈ జంట లేదు. అసలు ఆ క్రియ రూపమే మారదు. బడిపిల్లలు వల్లించే ‘గో, వెంట్, గాన్’లా కాక ఇది ‘కట్, కట్, కట్’. నిన్న కోసినా కట్, ఇవాళ కోసినా కట్. తెలుగులోకి వచ్చాక దానికి సాయంగా ఇంకో క్రియ రావలసిందే. ‘చేయు’ వస్తే చేసినవాడు ఉంటాడు. ‘అవు’ వస్తే ఉండడు.

‘కోత’కు ఉన్న సంసారం కూడా చిన్నది కాదు. వరికోత అందరికీ తెలిసిందే. వాగు ఒడ్డు కోతకు గురవుతుంది. బిడ్డను పోగొట్టుకున్న తల్లిది కడుపుకోత. లేనిది ఉన్నట్టు చెప్పేవాడు కోతలు కోస్తాడు, వాడికి కోతలరాయుడని పేరు. ఇప్పటి కుర్రకారు ఇదే గొప్పలు పోవడాన్ని ‘కటింగ్ ఇవ్వడం’ అంటారు. ఆ మాట ఇంగ్లీషులో ఆ అర్థంతో లేదు. ‘కోతలు కోయడం’ అనే పాత తెలుగు ఆలోచనే ఇంగ్లీషు మాటను తొడుక్కున్నట్టు కనిపిస్తుంది. పత్రికలేమో దీనికి ఎదురుదారిలో నడిచాయి. ‘పవర్ కట్’ను ‘కరెంటు కోత’ చేశాయి. చేనులోని మాటకు కరెంటు తీగల మీద కొత్త పని దొరికింది. ఇంగ్లీషు మాటను ఉన్నదున్నట్టు దించేసుకోకుండా పాత మాటకే కొత్త అర్థం నేర్పిన మంచి సందర్భాల్లో ఇదొకటి.

ఇలాంటి వృత్తి పదాలను ఊరూరా సేకరించే పని తెలుగులో చాలా ముందే మొదలైంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో వెలువరించిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం మొత్తం వ్యవసాయ పదాలదే. తర్వాతి సంపుటం చేనేతది. రైతు నోట వినపడే మాటను జిల్లాలవారీగా రాసిపెట్టిన పుస్తకాలవి. పాలీహౌస్‌లు, డ్రిప్ గొట్టాలు, కట్టర్లు వచ్చాక పుట్టిన పూలతోటల భాషకు అలాంటి సేకరణ ఇప్పుడు అవసరం. గుడిమల్కాపూర్ మార్కెట్‌లో కొన్ని ఉదయాలు కూర్చుంటే చాలు, ఎంతో పోగవుతుంది.

కత్తి తగిలే పనుల్లో ఇంగ్లీషు పూర్తిగా గెలిచిన చోటు తలవెంట్రుకలు. చేవెళ్లలోనైనా మొయినాబాద్‌లోనైనా ‘కటింగ్ షాపు’ అనే అంటారు, ‘కటింగ్ చేయించుకొని వచ్చిండు’ అనే అంటారు. ‘క్షవరం’ అనే మాట మోసపోవడానికి వాడే నుడికారంగా మిగిలింది. దర్జీ దగ్గర కూడా సగం గెలిచింది. బట్టను కత్తిరించే మనిషి ‘కటింగ్ మాస్టర్’, మిగిలిన గుడ్డ ‘కట్ పీస్’. బండి మీద మిరపకాయ బజ్జీని ముక్కలు కోసి మళ్లీ నూనెలో వేయిస్తే ‘కట్ మిర్చి’. ఈ మూడింటిలోనూ ఒక పోలిక కనిపిస్తుంది. ఇంట్లో, చేనులో కాకుండా దుకాణంలో డబ్బులిచ్చి చేయించుకునే పనికే ఇంగ్లీషు క్రియ అంటుకుంది.

తెలంగాణలో ఈ మాట ఇంత తేలికగా నాటుకుపోవడానికి ఇంకో కారణం ఉంది. చేవెళ్ల, మొయినాబాద్ నిజాం పాలనలో ఉన్న నేల. హైదరాబాద్‌కు ఆనుకొని ఉండటం వల్ల దక్కనీ ఉర్దూ ఇక్కడి చెవులకు కొత్త కాదు. ఆ భాషలో ‘కట్‌నా’ అంటే తెగడం, ‘కాట్‌నా’ అంటే కోయడం. ‘లైన్ కట్ గయీ’, ‘పైసే కట్ గయే’ అని హైదరాబాద్‌లో ఎప్పుడూ వినపడుతుంది. ఈ ‘కట్’ సంస్కృతంలోని ‘కృత్’ ధాతువు నుంచి వచ్చింది. ఇంగ్లీషు కట్‌కూ దీనికీ బంధుత్వం ఉందని ఎవరూ చూపలేదు. రెండూ ఒకేలా వినపడటం కాకతాళీయం. అయినా ‘లైన్ కట్ అయింది’ అని ఒక తెలంగాణ రైతు అన్నప్పుడు అందులో ఇంగ్లీషు ఎంత, దక్కనీ ఎంత అని విడదీయడం కష్టం. సంక్రాంతికి ఎగరేసే పతంగి ‘కట్ అయింది’ అన్నప్పుడైతే దక్కనీ పాలే ఎక్కువనిపిస్తుంది.

ఈ మాట దగ్గర ఉర్దూ, తెలుగు ఎక్కడెక్కడ వేరుపడతాయో చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. ఉర్దూలో, హిందీలో టికెట్‌ను కూడా ‘కాటుతారు’. తెలుగులో కండక్టర్ టికెట్ ‘కొడతాడు’. ఒకప్పుడు కాగితపు టికెట్‌కు పంచ్‌తో రంధ్రం కొట్టేవారు, ఆ దెబ్బ క్రియలో ఉండిపోయింది. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం కింద ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం మొదలయ్యాక ‘జీరో టికెట్’ వచ్చింది. మిషన్‌లోంచి కాగితం బయటికి వస్తుంది, రంధ్రం ఉండదు, పైసలూ ఉండవు. అయినా దాన్ని కొడుతూనే ఉన్నారు.

కత్తి లేని కట్‌లలో అన్నిటికంటే పాతది బహుశా ఫోన్‌దే. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరు తీగ పెట్టి కలిపేది, తీగ పీకి విడదీసేది. తీగ ఉన్నంతకాలం ‘కట్’ అంటే నిజంగా తెగడమే. సెల్‌ఫోన్లో తెగడానికి ఏమీ లేదు. అయినా మాట తెగినట్టే అనిపిస్తుంది కాబట్టి క్రియ నిలిచింది.

కరెంటు దగ్గర పల్లె జనం పాటించే తేడాలు ఇంకా సూక్ష్మమైనవి. ‘కరెంటు పోయింది’ అంటే ఎందుకు పోయిందో తెలియదు, ఎవరి మీదా నేరం లేదు. ‘కరెంటు తీసిండ్రు’ అంటే సబ్‌స్టేషన్‌లో ఒక మనిషి ఆ పని చేశాడు. ‘కట్ అయింది’ ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంటుంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల ఉచిత విద్యుత్తు మొదలైంది. అంతకుముందు వేళల ప్రకారం వచ్చే కరెంటు కోసం రాత్రుళ్లు బోరు మోటారు దగ్గర కాపలా ఉన్న రైతులకు ‘పోవడానికి’, ‘తీయడానికి’ తేడా బాగా తెలుసు. పోయిన కరెంటు కోసం ఎదురుచూస్తారు. తీసిన కరెంటు కోసం ఆఫీసుకు పోయి అడుగుతారు.

‘కట్ అయింది’ అనే మాటలో ఉన్న అసలు చిక్కు ఇదే. ‘పింఛన్ కట్ అయింది’, ‘జీతం కట్ అయింది’, ‘రేషన్ కార్డులో పేరు కట్ అయింది’. ఈ వాక్యాల్లో ఏ మనిషీ లేడు. తాడు తెగినట్టు పింఛన్ కూడా దానంతట అదే తెగిపోయినట్టు వినపడుతుంది. నిజానికి ప్రతి దాని వెనకా ఒక జాబితా ఉంది, ఒక నిబంధన ఉంది, దాన్ని అమలు చేసిన అధికారి ఉన్నాడు. ‘కోత పెట్టారు’ అని పత్రిక రాస్తే పెట్టింది ఎవరన్న ప్రశ్న వాక్యంలోనే ఉంటుంది. ‘కట్ అయింది’ ఆ ప్రశ్నను మాయం చేస్తుంది. పింఛన్ ఆగిపోయిన ముసలామె మండలాఫీసు కిటికీ దగ్గర ‘కట్ అయింది సార్’ అంటే, లోపలి నుంచి కూడా ‘అవునమ్మా, కట్ అయింది’ అనే జవాబు రావడానికి వీలుంటుంది. ‘ఎవరు కట్ చేసిండ్రు, ఎందుకు చేసిండ్రు’ అని అడిగిన మనిషికి అంత సులువుగా జవాబు దాటవేయలేరు. భాష విషయంలో పట్టుదలగా ఉండవలసిన చోటు ఏదైనా ఉంటే అది ఇక్కడే ఉంది.

ధాన్యం అమ్మకంలోనూ ఇలాంటిదే జరుగుతోంది. తేమ, తాలు పేరు చెప్పి బస్తాకు కొంత తగ్గించుకోవడాన్ని రైతులు ‘తరుగు తీయడం’ అంటారు. ఇప్పుడు అదే పని ‘కటింగ్’ అయింది. తరుగు తీస్తారు అంటే తీసేవాడు కనపడతాడు. కటింగ్ పోయింది అంటే కనపడడు.

అప్పా కూడలి నుంచి మొయినాబాద్, చేవెళ్ల మీదుగా మన్నెగూడ దాకా వెళ్లే 163వ జాతీయ రహదారి మీద అయితే ఈ క్రియల పంచాయితీ ఏళ్ల తరబడి సాగింది. హైదరాబాద్ నుంచి బీజాపూర్ వెళ్లే ఆ దారికి ఈ 46 కిలోమీటర్ల మేర రెండు పక్కలా నిజాం కాలంలో నాటిన మర్రిచెట్లు ఉన్నాయి, సుమారు తొమ్మిది వందలు. రోడ్డును నాలుగు వరుసలు చేయాలన్నది ప్రణాళిక. చెట్లను కాపాడాలని ప్రకృతి ప్రేమికులు జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లారు. ఇరుకు రోడ్డు మీద ప్రమాదాలతో విసిగిన ఊళ్లవాళ్లు విస్తరణ కావాలని పట్టుబట్టారు. 2025 నవంబరు 3న చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర ఆర్టీసీ బస్సును కంకర టిప్పర్ ఢీకొని 19 మంది చనిపోయారు. ఆ తర్వాత ఈ రోడ్డు గురించి ఎవరు మాట్లాడినా గొంతులో ఆ బరువు ఉంటుంది.

ఆ గొడవలో ఎవరు ఏ క్రియ వాడారో గమనించదగ్గది. ఊళ్లో మాట ‘చెట్లు కొట్టేస్తరట’. కాగితాల్లో మాట ‘తొలగింపు’. పర్మిషన్ల దగ్గర మాట ‘చెట్ల కటింగ్’. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం చెట్టు కొట్టాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. ఇక మధ్యేమార్గంగా వచ్చిన మాట ‘ట్రాన్స్‌లొకేషన్’, అంటే చెట్టును లేపి వేరేచోట నాటడం. ఈ చివరి మాట వినడానికి మెత్తగా ఉంటుంది. పని మెత్తనిది కాదు. ముందు కొమ్మలు నరకాలి, చుట్టూ కందకం తవ్వి వేళ్లు కోయాలి, మట్టిముద్దతో సహా మొదలును క్రేన్‌తో లేపాలి. మర్రికి కొమ్మ పాతినా వేరు పట్టే గుణం ఉంది కాబట్టి చాలా చెట్లకంటే దానికి బతికే అవకాశం ఎక్కువ. అయినా నాటిన తర్వాత నీళ్లు, కాపలా ఏళ్ల తరబడి ఉండాలి. నరకడం, కోయడం, లేపడం, నాటడం అనే నాలుగు తెలుగు క్రియలతో చెబితే చదివేవాడికి జరిగేది కళ్లకు కడుతుంది. రోడ్డు కావాలన్నవాడికైనా, చెట్టు కావాలన్నవాడికైనా ఆ స్పష్టత మేలు చేస్తుంది.

మొయినాబాద్ మండలంలోనే చిలుకూరు బాలాజీ గుడి ఉంది. అమెరికా వీసా కోసం మొక్కుకునే కుర్రవాళ్లు పదకొండు ప్రదక్షిణలు చేస్తారు, కోరిక తీరాక వచ్చి నూట ఎనిమిది చేస్తారు. చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీలకు కొదవ లేదు. ఆ పిల్లలందరికీ కట్ అనే మాట పుట్టినప్పటి నుంచీ తెలుసు. అందుకే అమెరికా వెళ్లాక అది ఇబ్బంది పెడుతుంది. తెలిసిన మాట అనుకున్నది తెలియని అర్థంలో ఎదురవుతుంది. ‘వి విల్ కట్ యు ఎ చెక్’ అని కంపెనీవాళ్లు అంటే ఇక్కడి అలవాటు ప్రకారం ఏదో కోత పడిందని గుండె జారుతుంది. దాని అర్థం చెక్కు రాసిస్తామని, డబ్బు వస్తుందని. ‘ద బేబీ ఈజ్ కటింగ్ టీత్’ అంటే పాపకు పళ్లు వస్తున్నాయని. ‘హీ ఈజ్ నాట్ కట్ అవుట్ ఫర్ దిస్’ అంటే ఈ పనికి అతను తగినవాడు కాడని. బట్టను ఒక కొలతకు కత్తిరించే దర్జీ పని ఆ మాటలో ఉంది. ‘కట్ కార్నర్స్’ అంటే చేయవలసిన పనిలో కొంత ఎగవేసి అయిందనిపించడం. ‘కట్ క్లాస్’ అంటే క్లాసు ఎగ్గొట్టడం.

ఈ పిల్లలు గట్టిగా పట్టుకోవలసిన సూత్రం ఒకటుంది. ఇంగ్లీషులో కట్ వెనక వచ్చే చిన్న మాట అర్థాన్ని తిప్పేస్తుంది. డౌన్ వస్తే తగ్గించడం, ఆఫ్ వస్తే తెగదెంపులు, అవుట్ వస్తే మానేయడం, ఇన్ వస్తే మధ్యలో దూరడం. తెలుగులో ఆ పని వెనక వచ్చే క్రియ చేస్తుంది. ‘కట్ చేసిండు’, ‘కట్ అయింది’, ‘కట్ కొట్టిండు’, ‘కటింగ్ ఇచ్చిండు’ అనేవి నాలుగు వేర్వేరు సంగతులు. అందులో ‘కట్ కొట్టడం’ అక్కడి ‘కట్ ఇన్’కు దగ్గరిది. ‘కటింగ్ ఇవ్వడం’ అక్కడ ఎవరికీ అర్థం కాదు. జాబితాలు బట్టీ పట్టడం కన్నా ఈ రెండు పద్ధతులను పక్కపక్కన పెట్టి చూసుకుంటే ఇంగ్లీషు చిన్న క్రియలన్నీ తేలికపడతాయి. గెట్, పుట్, టేక్, సెట్ కూడా ఇదే దారిలో నడుస్తాయి.

సినిమా ఈ మాటకు ఇచ్చిన బలం వేరు. ఫిల్మ్ రోజుల్లో ఎడిటరు రీలును నిజంగా కోసి, ఇంకో ముక్కతో అతికించేవాడు. ఆ అతుకు దగ్గర చోటు మారుతుంది, కాలం మారుతుంది. షాట్ ముగించడానికి దర్శకుడు అరిచే ‘కట్’ కూడా అందరికీ తెలుసు. తెలుగు కథకులు దీన్ని ‘కట్ చేస్తే’గా మార్చారు. ‘వాడు ఊళ్లో బస్సెక్కిండు. కట్ చేస్తే, దుబాయ్‌లో ఉన్నడు.’ ఇంగ్లీషులో సినిమా స్క్రిప్టు దాటి ఇంతగా మామూలు మాటల్లోకి రాని ప్రయోగం తెలుగులో చాయ్ హోటల్ కబుర్లలోకీ చేరింది. ఇప్పుడది ‘ఆ తర్వాత’ అనే అర్థంలో ఒక అతుకుమాట అయిపోయింది. మధ్యలో జరిగినదంతా విడిచిపెడుతున్నానని వినేవాడికి చెప్పి మరీ విడిచిపెట్టే ఈ సౌకర్యం పాత ‘ఆ తర్వాత’లో లేదు. ఇంగ్లీషు నుంచి తెచ్చుకున్నదాంట్లో తెలుగు తన తెలివితో కొత్తగా కట్టుకున్న మాట ఇది.

కంప్యూటర్‌లోని కట్, పేస్ట్ కూడా కత్తెర నుంచే వచ్చాయి. పత్రికాఫీసుల్లో కాగితం మీద మాటల ముక్కలు కత్తిరించి జిగురుతో అతికించే పని ఉండేది. తెలుగు పత్రికల్లో కూడా బ్రోమైడ్ ముక్కలు కోసి పేజీలు అతికించిన తరం ఇంకా ఉంది. ఆ పనిని తెర మీదికి తెచ్చింది 1970లలో అమెరికాలోని జిరాక్స్ పరిశోధన కేంద్రంలో పనిచేసిన లారీ టెస్లర్, ఆయన సహచరులు. టెస్లర్ 2020లో మరణించాడు. ఈ రోజు చేవెళ్ల మీసేవ కేంద్రంలో దరఖాస్తు నింపే కుర్రవాడు నొక్కే కట్ అదే.

తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లీషు మీడియం ప్రవేశపెట్టారు. పాఠ్యపుస్తకాలు రెండు భాషల్లో, ఒక పక్క ఇంగ్లీషు, ఒక పక్క తెలుగుగా అచ్చయ్యాయి. రైతు చేను పాఠం వచ్చినప్పుడు ఇంగ్లీషు పేజీలో కట్ ఒక్కటే ఉండవచ్చు. ఎదుటి పేజీలో వరి దగ్గర కోయడం, చెరకు దగ్గర నరకడం, చేమంతి దగ్గర తుంచడం, తాటి దగ్గర గీయడం రాయడానికి చోటుంది. చేవెళ్ల బడిలో చదివే పిల్లల్లో చాలామందికి ఈ పనుల్లో కొన్నైనా ఇంట్లో కళ్లముందే జరుగుతాయి. ఏ పనికి ఏ మాటో ఆ పిల్లల చేతనే చెప్పించి, బోర్డు మీద కట్ పక్కన వరుసగా రాయించడానికి ఒక పీరియడ్ సరిపోతుంది. పాలీహౌస్‌లో పనిచేసే ఇంటి పిల్ల ఉంటే, జెర్బెరాను ఏం చేస్తారో ఆ పిల్లనే అడగాలి.